ఎదురు

ములింగార్‌లో ఉజ్వల ఇంట్లో పొద్దుటి పనులు ఒక వరసలో నడుస్తాయి. సూర్యప్రభ లేచి పాలు కాస్తుంది, ఇడ్లీ పెడుతుంది, కూతురి టిఫిన్ డబ్బా సర్ది వీధి గుమ్మం పక్కనున్న బల్ల మీద ఉంచుతుంది. ఉజ్వల గదిలోంచి కారు తాళాల చప్పుడు వినిపించగానే చేతులు తుడుచుకుని హాట్ ప్రెస్‌లో దూరి తలుపేసుకుంటుంది. కారు వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడుతుంది.

ఐర్లండ్‌లో అలమరాని ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉండి, దాని పైన అరల్లో తువ్వాళ్లు పెట్టుకునే పెద్ద అలమరా హాట్ ప్రెస్. వచ్చిన కొత్తలో కూతురు "తువ్వాళ్లు హాట్ ప్రెస్‌లో ఉన్నాయమ్మా" అంటే, ఇస్త్రీకి వేసిందనుకుని, "ఆ అబ్బాయి ఎప్పుడు తెచ్చిస్తాడే?" అని తడి తలతో సాయంత్రం దాకా ఎదురుచూసింది సూర్యప్రభ. ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడకి అన్నిటికన్నా బాగా తెలిసిన చోటు అదే. లోపల వెచ్చగా ఉంటుంది. పై అర తగలకుండా మెడ కొంచెం వంచుకోవాలి, అంతే.

దాక్కోవడం ఎందుకంటే, ఎక్కడికైనా బయల్దేరినవాళ్లకి సూర్యప్రభ ఎదురుపడితే వాళ్లు వెనక్కి తిరిగిపోతారు. శకునం బాగాలేదని మనసులో శంకించి ఆగిపోవడం కాదు. కాళ్లు వాటంతటవే తిరుగుతాయి, బయల్దేరిన చోటికి చేరేదాకా ఆగవు. మనుషులనే కాదు, కుక్కలూ, లారీలూ కూడా. ఒకసారి పిఠాపురంలో నిమజ్జనానికి బయల్దేరిన వినాయకుడు మేళతాళాలతో సహా వెనక్కి తిరిగి పందిట్లో కూర్చున్నాడు. ఆ ఏడాది ఆ పేటవాళ్లకి ఒక రోజు ప్రసాదం ఎక్కువ దక్కింది. ఇంటికి తిరిగొచ్చేవాళ్లకి మాత్రం ఏమీ కాదు. సాయంత్రం ఉజ్వల వచ్చేసరికి ఆవిడ ధైర్యంగా తలుపు తీస్తుంది.

ములింగార్ పోస్ట్‌మన్‌కి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. సంచీ నిండా ఉత్తరాలతో వచ్చినవాడు వచ్చినట్టే పోస్టాఫీసుకి వెళ్లిపోయాడు. మర్నాడు గేటు అవతల్నించే కేకేసి, "రోజూ పది ప్రాంతంలో వస్తుంటానమ్మా, ఆ కాసేపు వెనక పెరట్లో ఉంటారా? గ్రాండ్!" అని చెయ్యి ఊపాడు. ఏది బావున్నా అక్కడ గ్రాండ్ అంటారు. పక్కింటి పెద్దాయన బాతాఖానీ మనిషి, ఉజ్వల కారు తీస్తుంటే రోజూ "ఎక్కడికి ప్రయాణం?" అని పలకరిస్తాడు. వెళ్లేవాళ్లని ఎక్కడికని అడగకూడదని ఆయనకెవరు చెబుతారు? ఉజ్వల నవ్వి, కారు దిగి లోపలికొచ్చి, రెండు గుక్కలు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరుతుంది. పిల్లల డాక్టరే, చదువుకున్నదే. అయినా మంచినీళ్లు తాగితే పోయేదేముంది?

తమాషా ఏమిటంటే, ముప్ఫై ఏళ్లపాటు ఈ మనిషి ఎదురు కోసమే పిఠాపురంలో జనం కాచుకుని ఉండేవారు. పరీక్షలకి వెళ్లే పిల్లలు, పెళ్లిచూపులకి వెళ్లే పెద్దలు, కోర్టు వాయిదాకి వెళ్లేవాళ్లు, అందరూ "పిన్నిగారూ, కాస్త ఎదురు రండి" అని పిలిచేవారు. నుదుట పెద్ద బొట్టుతో, నిండు బిందెతో ఆవిడ ఎదురొస్తే పని అయిపోయినట్టే. మూడేళ్ల కిందట ఒక పొద్దున్న ఆవిడ భర్త కొండల్ రావు కాకినాడ వెళ్తూ, "ఏమోయ్, ఎదురు రా" అన్నాడు. ఆవిడ నిండు బిందెతో నవ్వుతూ ఎదురొచ్చింది. ఆయన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. కాకినాడలో అందరూ దిగారు, ఆయన దిగలేదు.

పెద్దకర్మ అయ్యాక మేనల్లుడు కొత్త ఉద్యోగంలో చేరడానికి బయల్దేరుతుంటే ఆవిడ పరాకుగా వరండాలోకొచ్చింది. వాడు గిరుక్కున తిరిగి ఇంట్లోకెళ్లి పెట్టె దింపేశాడు. అప్పట్నించి ఎదురు రమ్మన్న నోళ్లే, "పిన్నిగారూ, కాసేపు లోపలుండండి" అనడం మొదలుపెట్టాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సూర్యప్రభ నోరు ఎప్పుడూ మంచిదే, ఊరి సంగతే చెప్పలేం.

ఆవిడ బాధపడిందా అంటే, అదీ లేదు. బస్సు కబురు విన్న దగ్గర్నుంచీ ఆవిడకి ఏదీ సరిగా తగలడం లేదు. ఏడుపు రాలేదు. కోపం రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ మీద చెయ్యి పెడితే అది ఎవరి బుగ్గో అన్నట్టుంటుంది చూడండి, ఆవిడకి ఒళ్లంతా అలాగే ఉంది. తప్పుకోమంటే తప్పుకుంది. ఉజ్వల వచ్చి ఐర్లండ్ తీసుకెళ్తానంటే సరేనంది.

ఉజ్వలకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి తల్లి పిఠాపురంలోనే ఉంది. రెండోసారి జరిగింది తల్లి వచ్చాక. రెండో నెలలో ఒక పొద్దున్న ఉజ్వల స్కాన్‌కి బయల్దేరి టిఫిన్ డబ్బా మరిచిపోయింది. సూర్యప్రభ కంగారులో హాట్ ప్రెస్ సంగతి మరిచి, డబ్బా పట్టుకుని వెనక గుమ్మంలోంచి ఇల్లు చుట్టి పరుగెత్తి, సరిగ్గా కూతురికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఉజ్వల కాళ్లు తిరిగి ఇంట్లోకి నడిచాయి. ఆ సాయంత్రమే రక్తం కనిపించింది. తల్లీకూతుళ్లిద్దరూ దాని గురించి ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఉజ్వల మామూలుగానే ఉంది. సూర్యప్రభ కూడా మామూలుగానే ఉంది. వెనక్కి తిరిగింది ఉజ్వల ఒక్కతే కాదని మాత్రం ఆవిడకి తెలుసు.

ఇప్పుడు ఉజ్వలకి ఏడో నెల. వైజాగ్ నుంచి ఆమె అత్తగారు చంద్రకళ ఫోన్ చేసింది. "వదినగారూ, మరోలా అనుకోకండి. పురుడొచ్చేదాకా అమ్మాయికి కాస్త పక్కగా మసలుకోండి."

"అయ్యో, నేను ముందునుంచీ అలాగే ఉంటున్నానండీ," అంది సూర్యప్రభ.

సీమంతం వీడియో కాల్‌లో చేశారు. గాజులూ, పళ్లూ, పూలూ అన్నీ సూర్యప్రభే అమర్చింది. అల్లుడు యుగంధర్ డండాక్‌లో కాలేజీలో పాఠాలు చెబుతూ శని, ఆదివారాలకే ఇంటికొస్తాడు. అతను ఉజ్వల పక్కన కూర్చోవాలి కాబట్టి ఫోన్ పట్టుకునే మనిషి కావాల్సొచ్చింది. ఆ పని సూర్యప్రభకి పడింది. ఫోన్ వెనక నిలబడితే ఎవరికీ కనిపించదు కదా. వైజాగ్‌లో ముత్తైదువులు పాడిన పాటంతా ఆవిడ చేతుల్లోంచే వచ్చింది. చేతులు నొప్పెట్టాయో లేదో ఆవిడకి తెలీదు.

ములింగార్ తోటల సంఘం వాళ్లు ఏటా సెప్టెంబరులో పడమటి తీరం తోటలు చూడ్డానికి బస్సు వేస్తారు. ఉజ్వల సెలవు పెట్టి ఇద్దరికీ టిక్కెట్లు కొంది.

"డెలివరీ అయ్యాక మనం ఎక్కడికి కదుల్తామమ్మా? స్కాన్స్ అన్నీ బావున్నాయి, డాక్టర్ కూడా వెళ్లిరమ్మంది."

"నేనెందుకే? బస్సు వెనక్కి తిరుగుతుంది."

"నువ్వు బస్సులోనే ఉంటే బస్సుకి ఎదురెలా అవుతావు?"

సూర్యప్రభ లేచి ప్రయాణానికి శాలువా వెతుక్కుంది. 

బస్సు నిండా రిటైరైన ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులు, టోపీలు, ఫ్లాస్కులు. కడుపుతో ఉన్న పిల్లా, వాళ్లమ్మా అని మర్యాద చేసి ఇద్దర్నీ ముందు సీట్లో కూర్చోబెట్టారు. అత్‌లోన్ దాటాక ఎదురుగా ఒక పాల ట్యాంకరు వచ్చింది. ముందు అద్దంలోంచి సూర్యప్రభ దాన్ని చూసింది. ట్యాంకరు ఇండికేటరు వేసి, పొలం గేటు దగ్గర జాగ్రత్తగా తిరిగి, వచ్చిన దారినే బస్సు ముందు వెళ్లడం మొదలుపెట్టింది. దాని వెనక వస్తున్న కార్లు కూడా వరసగా తిరిగాయి. బస్సు ఒక పెద్ద ఊరేగింపు వెనక పడ్డట్టయింది.

గైడు నవ్వుతూ లేచి వచ్చింది. పేరు రోజీ. అరవై దాటిన మనిషి, జుట్టు మాత్రం మిరపపండు రంగు.

"వెనక సీటు దగ్గర బ్రహ్మాండమైన కిటికీ ఉంది, వస్తావా?"

సూర్యప్రభకి ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడటానికే బద్ధకం. లేచి వెళ్లి, వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. దాటిపోయిన ఇళ్లు, దాటిపోయిన గొర్రెలు, దాటిపోయిన రాతిగోడలు. ఆవిడకి అలా చూడటమే సుఖంగా అనిపించింది. అవి ఇప్పుడు ఆవిడ వల్ల చెడిపోయేవి కావు.

గాల్వే దాటాక రోజీ వచ్చి పక్కన కూర్చుంది. "మాది ఇక్కడ సముద్రంలో ఒక చిన్న దీవి. మా నాన్నకి చేపలపడవ ఉండేది. ఎర్రజుట్టు ఆడమనిషి ఎదురైతే మావాళ్లు సముద్రం మీదికి పోరు. పొద్దున్నే దారిలో నేను కనిపిస్తే మా నాన్న వల భుజాన వేసుకుని ఇంటికొచ్చి పడుకునేవాడు. అందుకని పడవలన్నీ వెళ్లేదాకా మా అమ్మ నన్ను కోళ్లగూట్లో కూర్చోబెట్టేది."

"నేను హాట్ ప్రెస్‌లో ఉంటాను," అంది సూర్యప్రభ. బస్సెక్కాక ఆవిడ అన్న మొదటి ఇంగ్లీషు ముక్క అదే.

"అదృష్టవంతురాలివి," అంది రోజీ. "వెచ్చగానైనా ఉంటుంది. నన్ను కోళ్లు పొడిచేవి."

మొదటి తోటలో హైడ్రాంజియాలు, మనిషి నిలబడితే గొడుగు పట్టేంత ఆకులున్న మొక్కలు, దారుల వెంట ఎర్రటి ఫ్యూషియా కంచెలు. రోజీ పేర్లు చెబుతూ ముందు నడిచింది. సూర్యప్రభ అందరికన్నా వెనక, కూతురి వీపు చూసుకుంటూ నడిచింది. ఉజ్వల ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. పువ్వులు బావున్నాయని ఆవిడకి తెలుస్తూనే ఉంది. బావున్నాయని తెలియడానికీ బావుండటానికీ మధ్య ఎక్కడో తలుపు వేసి ఉంది.

మధ్యాహ్నం సముద్రం వైపునుంచి మబ్బు బయల్దేరింది. ఆ కనెమారా ప్రాంతంలో వాన రావడం వింత కాదు, రాకపోతేనే వింత. ముసలివాళ్లు టోపీలు లాక్కున్నారు. అప్పుడు రోజీ మొహమాటపడుతూ వచ్చింది. "సూర్యా, నువ్వొక్కసారి ఆ గట్టు మీద నిలబడతావా? మబ్బు వైపు తిరిగి?"

సూర్యప్రభ గట్టెక్కి నిలబడింది. మబ్బు కొండ దాకా వచ్చి, తటపటాయించి, సముద్రం వైపు తిరిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన తన ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. ఆ రోజు సాయంత్రంలోపు ఆవిణ్ణి మరోసారి గట్టెక్కించారు. మూడేళ్ల తర్వాత ఎదురు రమ్మని ఒకరు పిలిచారు. సంతోషించాలని ఆవిడకి తోచింది, సంతోషం మాత్రం రాలేదు. గట్టు దిగి మళ్లీ కూతురి వెనక చేరింది.

రాత్రి అక్కడే ఆగి, మర్నాడు వాళ్లు చూసింది ఎత్తైన రాతిగోడల మధ్య ఉన్న పాత తోట. చుట్టూ కనుచూపు మేర బురదనేల, దూరంగా కొండలు, మధ్యలో ఈ గోడ. లోపల ఆపిల్ చెట్లు గోడకి చేతులు చాపి అంటుకున్నట్టు పెంచారు. ఒక పక్క ద్రాక్షతీగ పాకిన అద్దాల ఇల్లు, దాన్ని ఆనుకుని తోటపని సామాన్ల గది, అవతల గడ్డివాము కొట్టం. కొట్టం ముందు తీగ మీద బోలెడు పిచ్చుకల్లాంటి పిట్టలు, రెండు పాయల తోకలవి.

"వానకోయిలలో ఏవో అమ్మా," అంది ఉజ్వల, పక్కకి తిరగకుండా.

"పేరు నీకూ తెలీదన్నమాట," అంది సూర్యప్రభ వెనకనుంచి. ఉజ్వల పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు.

అవి చలికాలానికి ఆఫ్రికా వెళ్లే పిట్టలని రోజీ చెప్పింది. చెబుతుండగానే గుంపంతా ఒక్కసారి లేచింది. టీ గదిలోంచి కప్పు పట్టుకుని అప్పుడే బయటికొచ్చిన సూర్యప్రభ నెత్తి మీదికే వచ్చాయి. గాలిలో ఒక్క క్షణం ఆగి, గిర్రున తిరిగి, వరసగా కొట్టంలోకి దూరిపోయాయి.

"అయ్యో," అంది సూర్యప్రభ. "ఎంత దూరం పోవాల్సినవో."

"రేపు పోతాయిలే," అంది రోజీ. "తొందరేముంది?"

"వెనక్కంటే ఆఫ్రికాకే పోవాలి కదా? ఈ వేసవికి అక్కణ్నించేగా వచ్చాయి?"

"వీటిల్లో సగం ఈ వేసవిలో ఈ కొట్టం దూలాల మీద పుట్టినవి. ఆఫ్రికా మొహమే ఎరగవు. తిని పడుకున్న చోటు ఇదే. ఇంకెక్కడికి తిరిగెళ్తాయి?"

సూర్యప్రభ కప్పు పట్టుకుని కొట్టం గుమ్మంకేసి చూసింది. అప్పుడే అద్దాల ఇంట్లోంచి ఉజ్వల పిలిచింది. కేక కాదు. ఆసుపత్రిలో నర్సుని పిలిచినట్టు నెమ్మదిగా, గట్టిగా.

"అమ్మా. నొప్పులొస్తున్నాయి."

ద్రాక్షతీగ కింద బెంచీ మీద ఒక చెయ్యి నడుముకీ ఒక చెయ్యి పొట్టకీ ఆనించి కూర్చుని ఉంది. ఉత్తుత్తి నొప్పులా అని రోజీ అడిగితే కాదని తల ఊపింది. "వరసగా వస్తున్నాయి. దగ్గర దగ్గరగా. ఇంకా రెండు నెలలుండాలి." గొంతు డాక్టరుదే, మొహం మాత్రం కాదు.

అంబులెన్సుకి ఫోన్ చేశారు. గాల్వే నుంచి రావాలి, ఆ ఇరుకు రోడ్ల మీద గంట పైమాటే అన్నారు. తోటల సంఘంలో రిటైరైన నర్సు ఒకావిడ కోట్లన్నీ నేల మీద పరిచి, ఉజ్వలని పక్కకి పడుకోబెట్టి మణికట్టు పట్టుకుంది. డ్రైవరు టోపీ చేత్తో నలుపుకుంటూ సూర్యప్రభ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. అంబులెన్సు అక్కణ్నించి బయల్దేరి వస్తుంది కదా, మీరు గానీ ఎదురుపడితే..."

"అవును, అవును," అంది సూర్యప్రభ. "నేను లోపలుంటాను."

"నేనూ వస్తాను," అంది రోజీ. "నా జుట్టుతో దానికేం పని లేదనుకో, అయినా ఎందుకొచ్చింది?"

ఇద్దరూ సామాన్ల గదిలో దూరి తలుపేసుకున్నారు. మట్టికుండీలు, పారలు, ఎరువు బస్తాలు. సూర్యప్రభ మెడ వంచుకుని నిలబడింది. ఆ గది ఎత్తుగానే ఉంది, అలవాటు కొద్దీ వంచుకుంది. చెక్క గోడ అవతల కూతురి ఊపిరి వినిపిస్తోంది. ఊపిరి బిగబట్టడం, వదలడం, మళ్లీ బిగబట్టడం. ప్రతిసారీ వదలడం కొంచెం ఆలస్యమవుతోంది. ఆవిడ కుండీలకేసి చూస్తూ నిలబడింది. ఏమీ అనిపించలేదు. ఇంతకన్నా భయంకరమైన సంగతి ఇంకోటి లేదని ఆవిడకి తెలుసు. కన్నకూతురు గోడ అవతల నొప్పులు పడుతుంటే ఏమీ అనిపించకపోవడం.

"అమ్మా!" అని వినిపించింది. ఈసారి డాక్టరు గొంతు కాదు.

సూర్యప్రభ మెడ ఎత్తింది. "రోజీ, ఇప్పుడు బయల్దేరింది ఎవరు?"

"అంబులెన్సు," అంది రోజీ.

"అంబులెన్సు కాదు. బిడ్డ."

రోజీ ఆవిడకేసి చూసింది. చూసి, తలుపు తీసింది.

సూర్యప్రభ పోతూపోతూ మూలనున్న మొక్కలకి నీళ్లుపోసే డబ్బా తీసుకుంది. అందులో అడుగున నీళ్లున్నాయి. బోర్లించి ఒక్క చుక్క లేకుండా వంపేసింది. నిండు బిందెతో ఎదురు రావడం ఆవిడకి ముప్ఫై ఏళ్లు తెలుసు, ఖాళీ డబ్బాతో రావడం ఇదే మొదలు. ఎరువు దుమ్ముకి ముక్కు దురద పెట్టి ఒక తుమ్ము వచ్చింది. ఒంటి తుమ్ము. రెండోది వస్తుందేమోనని ముక్కు గట్టిగా పట్టుకుని ఆపేసింది. బొట్టులేని మొహం, ఖాళీ డబ్బా, ఒంటి తుమ్ము, పక్కన జుట్టు విరబోసుకున్న రోజీ. పిల్లి ఒక్కటే తక్కువ.

అద్దాల ఇంట్లోకి వచ్చేసరికి ఉజ్వల తల్లిని చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, వద్దు. ముందుకి రావద్దు."

"నీకు కాదే ఎదురొచ్చేది. దానికి."

ఉజ్వలకి అర్థమైంది. మొహం పాలిపోయింది. "వెనక్కంటే ఎక్కడికి వెనక్కమ్మా? పోయినసారి..."

ఏడాదిపాటు ఇద్దరూ మింగిన మాట అది. నర్సు తల పక్కకి తిప్పుకుంది.

"పోయినసారి దానికింకా ఇల్లు కుదరలేదు," అంది సూర్యప్రభ. "గుమ్మంలోనే ఉంది. వచ్చిన చోటికే పోయింది. దీని సంగతి వేరు. ఏడు నెలల్నించి ఇక్కడే తింటోంది, ఇక్కడే పడుకుంటోంది. దాని ఇల్లు ఇదే."

"నీకు ఖాయంగా తెలుసా?"

"తెలీదు తల్లీ."

ఉజ్వల తల్లి మొహంలోకి చూసింది. తల్లి మొహం ఇంత సూటిగా చూసి ఎన్ని నెలలైందో. ఇంకో నొప్పి వచ్చింది. అది పోయేదాకా పళ్లు బిగబట్టి, చెయ్యి దించేసింది. "సరే. రా."

నర్సు లేచి చోటిచ్చింది. సూర్యప్రభ కూతురి కాళ్ల దగ్గర, మంత్రసాని కూర్చునే చోట, బిడ్డ వచ్చే దారికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది. రోజీ వెనక నిలబడి జుట్టు ముందుకి వేసుకుంది. తోటల సంఘం మొత్తం అద్దాల అవతల టోపీలు తీసి నిలబడింది.

ఒళ్లోని డబ్బా సూర్యప్రభ చేతులకి చల్లగా తగిలింది. ఆవిడ వాటికేసి ఆశ్చర్యంగా చూసింది. భయం. ఎవరిదో భయం కాదు, తనదే. ఇది గాని తప్పితే ఈ పిల్ల మొహం మళ్లీ చూడలేనన్న భయం. మూడేళ్లుగా లోపల ఏమీ లేదనుకున్న చోట అది గొంతు దాకా నిండి ఉంది. ఆవిడ ముందుకి వంగి, బయల్దేరినవాళ్లని ఎవరూ అడక్కూడని మాట పిఠాపురం వీధి మొత్తానికి వినపడేట్టు అడిగింది.

"ఎక్కడికే?"

ఉజ్వల పొట్ట బిగుసుకోవడం ఆగినట్టయింది.

"ఎక్కడికే బయల్దేరావు? చెప్పా పెట్టకుండా? ఇప్పుడెవరు రమ్మన్నారు నిన్ను? నీకింకా బట్టలు కూడా కొనలేదు. మీ నాన్న డండాక్‌లో ఉన్నాడు. వెళ్లు. లోపలికి వెళ్లి పడుకో."

నొప్పి రావాల్సిన సమయానికి ఉజ్వల పిడికిలి బిగించింది. నొప్పి రాలేదు. పిడికిలి అలాగే ఉంచుకుని చూసింది. చొక్కా కింద ఏదో పెద్దది మెల్లగా, విసుగ్గా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరిగింది. తిరిగి, పైకి జరిగింది. జరిగి, పక్కటెముకల కింద తన చోటు చూసుకుని సర్దుకుంది.

"కాలితో తన్నింది," అంది ఉజ్వల. "అమ్మా, పైన తన్నింది. గట్టిగా." నవ్వుతూ ఏడ్చింది.

అంబులెన్సు వచ్చేసరికి సూర్యప్రభ, రోజీ బుద్ధిగా సామాన్ల గదిలో ఉన్నారు. అంబులెన్సు అమ్మాయి గుండె చప్పుడు విని, అంతా చూసి, "గ్రాండ్" అంది. అయినా ఆసుపత్రికి తీసుకెళ్లి రెండు రోజులు చూడాలంది. ఉజ్వల స్ట్రెచర్ మీదనుంచి కేక వేసింది. "మా అమ్మ నాతో రావాలి. నాకు ఎదురుగా కూర్చోవాలి. అక్కణ్నించి కదలకూడదు." గాల్వే దాకా సూర్యప్రభ కూతురి పాదాలు పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆ తర్వాత రెండు నెలలు భోజనాల బల్ల దగ్గర ఆవిడ చోటు కూతురికి ఎదురుగా. టీవీ చూసినా ఎదురుగానే, పడుకున్నా గుమ్మానికి ఎదురు మంచం మీదే. వైజాగ్ నుంచి చంద్రకళ ఫోన్ చేసి, సంగతంతా వింది. "ఎందుకైనా మంచిది వదినగారూ, ఆ డబ్బా కూడా దగ్గరుంచుకోండి," అంది.

నవంబరు చివర నెలలు నిండాయి. బిడ్డ మాత్రం కదల్లేదు. డాక్టరు ఇంకో వారం చూద్దామంది. మర్నాడు పొద్దున్నే, అందరూ టిఫిన్ తింటుండగా సూర్యప్రభ పెట్టె సర్దుకుని వచ్చింది.

"ఎక్..." అని, యుగంధర్ నాలిక్కరుచుకున్నాడు.

"రోజీ ఇంటికి. పడమటి వైపు," అంది ఆవిడ.

"అమ్మా, ఇప్పుడా? నువ్వు దగ్గర లేకుండా నాకు పురుడెలాగే?" అంది ఉజ్వల.

"నేనుంటే అది రాదు తల్లీ. ఎన్ని రోజులైనా అలాగే కూర్చుంటుంది. అచ్చం మీ నాన్నలా మాట వినే రకం." సూర్యప్రభ కూతురి తల నిమిరింది. ఆ తల చేతికి వెచ్చగా తగిలింది. పురిటి గది ముందు నిలబడాలని, బిడ్డని మొదట తన చేతుల్లోకి తీసుకోవాలని ఆవిడకి ఎంత ఉందో చెప్పలేం. ఉన్నా బస్సెక్కింది. ఈసారి ఎవరూ ఆవిణ్ణి తప్పుకోమనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, దీవిలో గాలి హోరుమంటుండగా, యుగంధర్ ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, వచ్చేసింది! ఆడపిల్ల! ఉజ్వల బావుంది. ఉండండి, వినండి," అని ఫోన్ పిల్ల దగ్గర పెట్టాడు.

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. బయల్దేరి, దారి పొడుగునా ఎవరూ ఆపకపోతే, చివరికి చేరినవాళ్ల ఏడుపు. సూర్యప్రభ ఏదో అనబోయింది. "అమ్మా" అనో, "తల్లీ" అనో. నోరు తెరిస్తే మాటకి బదులు ఏడుపొచ్చింది. కాకినాడ బస్సు నాటినుంచి రావాల్సిందంతా ఒక్కసారిగా వచ్చింది. రోజీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, పక్కన కూర్చుని, ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది.

అవతల మనవరాలు ఆ ఏడుపు విని, ఎవరిదోనని ఠక్కున ఊరుకుంది. అమ్మమ్మ మాత్రం ఊరుకోలేదు.